పారిస్‌ వైన్ రెస్టారెంట్‌లో పెళ్లిరోజు భోజనం: మొదటిసారి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

నేను పారిస్ శివార్లలో ఉంటాను. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో, లండన్‌లో ఉండే స్నేహితుల నుంచో ఇదే ప్రశ్న వస్తుంది: "మా పెళ్లిరోజుకి పారిస్‌లో ఉంటాం, మంచి వైన్ రెస్టారెంట్‌కి వెళ్లాలని ఉంది, అక్కడ ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది." ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పిందంతా ఒకచోట రాస్తున్నాను. ఆ రాత్రి బాగా గడవడం చాలావరకు మీరు గడప దాటకముందు చేసే పనుల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే మొదటి మూడు భాగాలు ఓపిగ్గా చదవండి.

ఫ్రెంచ్ మాటల్ని వినిపించే తీరులోనే తెలుగులో రాశాను. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి.

1. ముందు తేల్చుకోవాల్సినవి: ఎలాంటి చోటు, ఏ పూట, ఎంత ఖర్చు

వైన్ ప్రధానంగా ఉండే చోట్లు స్థూలంగా మూడు రకాలు. "బార్ ఆ వాఁ" అంటే వైన్ బార్. తిండి ఉంటుంది కానీ కొన్నిచోట్ల జున్ను (చీజ్), చల్లటి మాంసం పళ్లాలే. "కావ్ ఆ మాంజే" అంటే వైన్ దుకాణంలోనే నాలుగు బల్లలు వేసి వడ్డించే చోటు. మూడోది పెద్ద వైన్ జాబితా ఉన్న పూర్తి రెస్టారెంట్. రెండో అరోందిస్మాఁలో (అంటే రెండో వార్డు) పైకప్పు ఉన్న అంగళ్ల వీధి గాలరీ వివియెన్‌లోని లెగ్రాఁ వైన్ దుకాణమే, భోజనం కూడా పెడుతుంది. అక్కడికి దగ్గరలోనే ఉన్న విల్లీస్ వైన్ బార్ పేరుకు బార్ అయినా, కూర్చుని పూర్తి భోజనం చేసే చోటు. పేరు చూసి తేల్చేయకండి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వారం వంటకాలు చూడండి.

పూట విషయంలో ఇండియా నుంచి కొత్తగా దిగినవారికి ఒక మాట. పారిస్‌లో రాత్రి 8 అంటే మన టైములో వేసవిలో 11:30, చలికాలంలో 12:30. దిగిన మర్నాడే రాత్రి భోజనం పెట్టుకుంటే మెయిన్ వంటకం వచ్చేసరికి కళ్లు మూసుకుపోతాయి. కనీసం మూడో రోజుకి పెట్టుకోండి, లేదా మధ్యాహ్నం వెళ్లండి. చాలాచోట్ల మధ్యాహ్నం అదే వంటగది, తక్కువ ధర. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మధ్యాహ్న భోజనమే నయం.

చాలా రెస్టారెంట్లు ఆదివారం, సోమవారం మూసి ఉంటాయి. ఆగస్టులో రెండు మూడు వారాలు సెలవు తీసుకునేవి ఎన్నో. మీ పెళ్లిరోజు ఆగస్టులో అయితే (శ్రావణమాసం పెళ్లిళ్లు మనలో ఎక్కువే) ఊరికే నడుచుకుంటూ వెళ్లి చూద్దామని అనుకోకండి.

ఖర్చు ఇద్దరికీ కలిపి ముందే ఒక అంకె అనుకోండి. అందులో సుమారు మూడో వంతు వైన్‌కి పోతుందని లెక్క వేసుకోండి. ఈ అంకె లేకుండా వెళ్తే జాబితా చూస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సి వస్తుంది.

2. టేబుల్ బుక్ చేయడం

పేరున్న చోటుకి మూడు నాలుగు వారాల ముందు, మామూలు చోటుకి వారం ముందు బుక్ చేయండి. కొన్నిచోట్ల కార్డు నంబరు అడుగుతారు. డబ్బు అప్పుడే కోసుకోరు. చెప్పకుండా రాకపోతేనే మనిషికి ఇంత అని తీసుకుంటారు. ఎన్ని గంటల ముందు రద్దు చేసుకోవచ్చో ఆ పేజీలోనే ఉంటుంది, చదివి ఫోటో తీసి పెట్టుకోండి. ముందు రోజు "వస్తున్నారా?" అని మెసేజ్ వస్తే దానికి జవాబివ్వండి. ఇవ్వకపోతే టేబుల్ వేరేవాళ్లకి ఇచ్చేసే చోట్లున్నాయి.

బుక్ చేసేటప్పుడు సందేశం రాసే గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ఇంగ్లీషులో రాసినా సరిపోతుంది. ఇవి రాయండి:

- ఏ సందర్భమో. ఫ్రెంచ్‌లో "అనివెర్సేర్" అని మాత్రమే అంటే పుట్టినరోజు అనుకుంటారు. పెళ్లిరోజుకి "అనివెర్సేర్ ద మరియాజ్" అనాలి.
- ఎవరు ఏం తినరో, మనిషి మనిషికీ విడిగా.
- కిటికీ పక్కనో, సందడి లేని మూలో కావాలంటే ఆ మాట.
- కేక్ మీరే తేవాలనుకుంటే అనుమతి. చాలాచోట్ల ఒప్పుకోరు, కొన్నిచోట్ల రుసుము తీసుకుంటారు.

3. తిండి నియమాలు: ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు

మా అక్కా బావల పాతికేళ్ల పెళ్లిరోజుకి వాళ్లిద్దరే ఒక రెస్టారెంట్‌కి వెళ్లారు. అక్క గొడ్డు మాంసం తినదు. వెయిటర్ ఆ రోజు వంటకాలు నోటితో చదువుతుంటే "రీ" అన్న మాట వినబడి, అన్నమే అనుకుని చెప్పేసింది. వచ్చింది "రీ ద వో", అంటే లేగదూడ మెడ దగ్గరి గ్రంథి. అన్నాన్నీ "రీ" అనే అంటారు, పలకడంలో తేడా లేదు. ఆ రాత్రి తను బ్రెడ్డు, జున్ను తిని లేచింది. ఎవరికీ అలా కాకూడదని ఈ భాగం ఇంత వివరంగా రాస్తున్నాను.

గొడ్డు మాంసం: "బెఫ్" అన్న మాట ఉంటే సులువే. ఆ మాట లేకుండా రాసేవే తెలుసుకోవాలి. ఆంత్రకోత్, బావెత్, ఓంగ్లే, తూర్నెదో ఇవన్నీ గొడ్డు మాంసమే. బుర్గీన్యోఁ అని ఉంటే దాదాపు ఎప్పుడూ అదే. "వో" అంటే లేగదూడ. బ్లాంకెత్ (తెల్లటి సాస్‌లో ఉడికించిన కూర) సాధారణంగా దానితోనే చేస్తారు.

పంది మాంసం: "పోర్", "జాంబోఁ", "లార్దోఁ". ఈ లార్దోఁ అనే చిన్న ముక్కలు సలాడ్‌లోనూ వేస్తారు. కోడి కదా అని కొకోవాఁ తెప్పించుకుంటారు మనవాళ్లు. సంప్రదాయ పద్ధతిలో అందులోనూ లార్దోఁ పడతాయి. ఎర్ర వైన్‌లో ఉడికించిన గుడ్లు, "ఎజ్ ఆఁ మెరెత్", అదీ అంతే. "ఆందుయెత్" పంది పేగులతో, "బుదాఁ నువార్" పంది రక్తంతో చేసేవి.

నిశ్చింతగా తినగలిగేవి (సాస్ సంగతి కింద చూడండి): పూలే, వొలాయ్ (కోడి), పాంతాద్ (గినీ కోడి), కనార్ (బాతు), అన్యో (గొర్రెపిల్ల), పువాసోఁ (చేప). "సూరీ దన్యో" అని ఉంటే భయపడకండి. సూరీ అంటే ఎలుక అయినా, ఇక్కడ గొర్రెపిల్ల కాలి కండ. ఎముక నుంచి ఊడివచ్చేలా మెత్తగా ఉడుకుతుంది. మన నాలుకకి బాగా నచ్చే వంటకం ఇది.

సాస్‌లు: కోడి, చేప వంటకాల్లోనూ సాస్‌ని "ఫోఁ ద వో", అంటే దూడ ఎముకల రసంతో చిక్కబరచడం ఉంది. ఉల్లిపాయ సూప్ కూడా తరచూ గొడ్డు మాంసం రసంతోనే చేస్తారు. నియమం గట్టిగా పాటించేవారు సాస్ గురించి విడిగా అడగాలి.

శాకాహారులు: "వెజిటేరియన్" అంటే ఇక్కడ గుడ్డు తింటారనే అర్థం. "సాఁ వియాంద్, సాఁ పువాసోఁ, సాఁ ఎఫ్" అని చెప్పండి, మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. కోంతే, రోక్‌ఫోర్ లాంటి పేరున్న జున్నుల్లో పశువుల కడుపు నుంచి తీసిన రెనెట్ (పాలు గడ్డకట్టించేది) వాడతారు. అది పట్టింపు అయితే జున్ను పళ్లెం వదిలేయండి. క్రెమ్ బ్రూలే, మూస్ రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. సోర్బే (పళ్లరసంతో చేసే ఐస్), పళ్లు ఉత్తమం. గుడ్డు కూడా తినని శాకాహారులు వారం ముందు ఈమెయిల్ రాసి, జవాబు వచ్చాకే ఆ చోటు ఖాయం చేసుకోవాలి. అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ.

ఎలర్జీ ఉన్నవారు మొహమాటపడకండి. యూరప్ చట్టం ప్రకారం 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరాలు ఇవ్వడం రెస్టారెంట్ బాధ్యత.

మాంసం ఎంత ఉడకాలని అడుగుతారు. "సెన్యాఁ" అంటే లోపల రక్తపు రంగు. "ఆ పువాఁ" అంటే సరిగ్గా ఉడికిందని తర్జుమా చేసుకోకండి, లోపల గులాబీ రంగు ఉంటుంది. పూర్తిగా ఉడకాలంటే "బియాఁ క్వీ". కానీ వేపుడు ముక్కని అలా అడిగితే గట్టిపడుతుంది. మన అలవాటుకి నెమ్మదిగా ఉడికించిన వంటకాలే సరిపోతాయి. బాతులో "మాగ్రే" ఎర్రగా వస్తుంది, "కోన్‌ఫి" పూర్తిగా ఉడికి వస్తుంది. "తార్తార్" అంటే పచ్చిదే.

4. బయలుదేరే ముందు

పట్టుచీర నిక్షేపంగా కట్టుకోవచ్చు, అందరూ మెచ్చుకుంటారు. మగవాళ్లకి చొక్కా, మంచి ప్యాంటు, శుభ్రమైన బూట్లు చాలు. ఘాటైన సెంటు మాత్రం వద్దు. వైన్‌లో సగం రుచి వాసనలోనే ఉంది, మీదే కాదు, పక్క టేబుల్ వాళ్లదీ పోతుంది.

సాయంత్రం ఐదింటికి ఏదో ఒకటి కొద్దిగా తినండి. ఖాళీ కడుపుతో వెళ్తే మొదటి గ్లాసే తలకెక్కుతుంది. షుగరు, బీపీ మాత్రలు వాడేవారు తాగొచ్చో లేదో ఇంటి దగ్గరే డాక్టర్‌ని అడిగి రావాలి. కారు అద్దెకు తీసుకున్నా ఆ రాత్రికి వదిలేయండి. ఇక్కడ పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సు వారికి 0.2 గ్రాములే.

వెంట ఉండాల్సినవి:

- బుకింగ్ మెసేజ్, రెస్టారెంట్ ఫోన్ నంబరు
- విదేశీ లావాదేవీలు ఆన్ చేసిన కార్డు, దాని పిన్
- తినని పదార్థాల జాబితా ఫ్రెంచ్‌లో, ఫోన్‌లో పెద్ద అక్షరాలతో
- కొన్ని యూరోల చిల్లర

పావుగంటకు మించి ఆలస్యమయ్యేలా ఉంటే ఫోన్ చేయండి.

5. లోపలికి అడుగు పెట్టాక మొదటి పది నిమిషాలు

తలుపు తీయగానే ముందు పలకరింపు. పగలైతే "బొంజూర్", సాయంత్రమైతే "బోఁసువార్". పలకరించకుండా నేరుగా "టూ పీపుల్" అంటే ఇక్కడ మర్యాద తప్పినట్టే లెక్క. ఈ ఒక్క మాటతో వాళ్ల ముఖం మారడం నేను ఎన్నోసార్లు చూశాను. టేబుల్ ఖాళీగా కనబడినా వెళ్లి కూర్చోకండి, చూపించేదాకా ఆగండి.

నీళ్లు: "యూన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే" అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. 2022 నుంచి ఈ సంగతి మెనూ కార్డులో కనిపించేలా రాయాలన్న నియమం కూడా ఉంది. ఊరికే "వాటర్" అంటే సీసా వస్తుంది, దానికి బిల్లు పడుతుంది. బ్రెడ్డు భోజనంతో పాటే, విడిగా డబ్బు లేదు.

ఆ వెంటనే "అపెరితీఫ్?" అని అడుగుతారు, భోజనానికి ముందు తాగేది. శాంపేన్ కావాలంటే ధర చూసి గ్లాసు చెప్పండి. అదే పద్ధతిలో వేరే ప్రాంతాల్లో చేసే "క్రెమాఁ" చాలా తక్కువ ధరకి వస్తుంది, నేను దాన్నే సూచిస్తాను. వద్దనుకుంటే "నోఁ, మెర్సీ" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

6. కార్డు చదవడం

ఇక్కడ "మెన్యూ" అంటే వంటకాల పట్టిక కాదు, ఒకే ధరకి రెండు మూడు వంటకాలు కలిపి ఇచ్చే భోజనం. పట్టికని "కార్త్" అంటారు. విడివిడిగా తెప్పించుకోవడం కంటే మెన్యూ చౌక.

"ఆంత్రే" అంటే మొదటి వంటకం. అమెరికాలో ఉండే మనవాళ్లు దాన్ని మెయిన్ అనుకుని చెబుతారు, చిన్న పళ్లెం వస్తుంది. మెయిన్ వంటకం "ప్లా". తర్వాత జున్ను, ఆ తర్వాత తీపి. కాఫీ తీపితో కాదు, తీపి తిన్నాక.

ఒక ప్లా తెప్పించి ఇద్దరు పంచుకోవడం సంప్రదాయ రెస్టారెంట్‌లో బాగోదు. "ఆ పార్తాజే" అని రాసి ఉన్నవి పంచుకోవడానికే. కారం లేక చప్పగా అనిపిస్తే "మూతార్ద్" అడగండి. దిజోఁ ఆవపిండి ముక్కుదాకా ఘాటెక్కుతుంది.

7. వైన్ ఎంచుకోవడం

తిండి చెప్పాకే వైన్. ఫ్రెంచ్ సీసాల మీద ఎక్కువగా ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరు ఉంటుంది. మామిళ్లని "నూజివీడు" అని ఊరి పేరుతో అడిగినట్టే. కాబట్టి ఈ కొన్ని గుర్తుంటే చాలు:

- షాబ్లీ: షార్దొనే ద్రాక్ష, తెల్లది, పుల్లగా శుభ్రంగా ఉంటుంది. చేపలకి.
- సాంసేర్: తెల్లది సొవిన్యోఁ ద్రాక్ష. మేకపాల జున్నుకి.
- బుర్గోన్య్ ఎరుపు: పీనో నువార్. కోడికి, బాతుకి.
- బోజొలే ఎరుపు: గామే. తేలిక, పళ్ల వాసన.
- బోర్దో ఎరుపు: కాబెర్నే, మెర్లో. గొర్రెపిల్లకి.
- కోత్ దు రోన్ ఎరుపు: ఎక్కువగా గ్రెనాష్, సిరా. ఉడికించిన మాంసానికి.
- ఆల్సాస్ తెల్లవి: ఇక్కడ మాత్రం ద్రాక్ష పేరే రాస్తారు. గెవుర్త్‌స్ట్రామినేర్‌లో గులాబీ, లీచీ వాసన వస్తుంది.

మొదటిసారి తాగేవారికి ఎర్ర వైన్ నచ్చకపోవడానికి ముఖ్య కారణం టానిన్. అంటే మన వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుందే, అదే. ఆ వగరు ఇష్టం లేకపోతే బోజొలే, పీనో నువార్ వైపు వెళ్లండి. బోర్దో పేరు గొప్పదని ముందు దానితోనే మొదలుపెట్టకండి. తీపి కావాలంటే "సెక్" అని ఉన్నవి వద్దు, సెక్ అంటే తీపి లేనిది. శాంపేన్‌లోనూ "బ్ర్యూట్" తీపి కాదు, "దెమీ సెక్" తియ్యగా ఉంటుంది.

ఎంత తెప్పించాలి? సీసా 75 సెంటీలీటర్లు, గ్లాసు సాధారణంగా 12.5. అంటే సీసాకి ఆరు గ్లాసులు. ఇద్దరిలో ఒకరే తాగితే సీసా అనవసరం, ఆంత్రేకి ఒక గ్లాసు, ప్లాకి ఒకటి. ఇద్దరూ కొద్దిగా తాగేవారైతే 37.5 సెంటీలీటర్ల అరసీసా ఉందేమో అడగండి.

సొమెలియే, అంటే వైన్ చూసుకునే మనిషి, మిమ్మల్ని పరీక్షించడానికి రాడు. మీకు నచ్చే సీసా వెతికిపెట్టడమే ఆయన పని. ఆయనకి మూడే మూడు చెప్పండి: ఏం తింటున్నారో, వగరు కావాలో వద్దో, ఎంతలో కావాలో. ధర బయటికి చెప్పడం ఇష్టం లేకపోతే జాబితాలో మీ లెక్కకు సరిపోయే ధర మీద వేలు పెట్టి "కెల్క్ షోజ్ కమ్ సా" అనండి, ఇలాంటిదేదైనా అని. ఎదుట కూర్చున్నవారికి తెలియదు, ఆయనకి పూర్తిగా అర్థమవుతుంది. నాకు తెలిసినంతలో ఈ ఒక్క చిట్కా ఎంతోమందికి ఆ సాయంత్రాన్ని తేలిక చేసింది.

తాగనివారు "సాఁ ఆల్కోల్" అని అడగండి. ద్రాక్షరసం వైన్ గ్లాసులోనే పోసి ఇస్తారు. అలవాటు లేనివారిని "పెళ్లిరోజు కదా, ఒక్క గుటక" అని బలవంతపెట్టకండి.

8. సీసా తెరిచాక

ముందు సీసా చూపిస్తారు. పేరు, సంవత్సరం మీరు చెప్పినవేనా చూడండి. వేరే సంవత్సరం అయితే ధర మారొచ్చు, మూత తీయకముందే చెప్పాలి.

తర్వాత గ్లాసులో కొద్దిగా పోస్తారు. ఇది మీకు నచ్చిందా అని కాదు, వైన్ చెడిపోయిందా అని. కాడ పట్టుకుని నెమ్మదిగా తిప్పి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టెలా, ముసురులో ఆరని బట్టల్లా వాసన వస్తే బిరడా వల్ల చెడిన వైన్. "బుషొనే?" అని అడగండి. ఆయన కూడా వాసన చూసి, నిజమైతే వేరే సీసా తెస్తారు. బాగుంటే "సే పర్‌ఫే" అంటే చాలు. అడుగున గాజు పలుకుల్లాంటి స్ఫటికాలు, పాత ఎర్ర వైన్‌లో మడ్డి కనిపిస్తే కంగారుపడకండి, అవి లోపాలు కావు.

గ్లాసులు తాకించేటప్పుడు "సాంతే" అంటూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవాలి. పెళ్లిరోజున అది మరీ బాగుంటుంది.

9. పొరపాటు జరిగితే

తప్పు వంటకం వచ్చింది: తినకుండానే, నవ్వుతూనే వెంటనే చెప్పండి. సగం తిన్నాక చెబితే మార్చడం కష్టం.

మాంసం పచ్చిగా ఉంది: "ఆఁ ప్యూ ప్లూ క్వీ" అనండి, ఇంకాస్త ఉడికించమని. తీసుకెళ్లి చేసి తెస్తారు.

వైన్ బాగానే ఉంది కానీ మీకు నచ్చలేదు: సీసా వెనక్కి తీసుకోరు. ఎర్రదైతే పావుగంట గ్లాసులో వదిలేయండి, గాలి తగిలాక వగరు కొంత మెత్తబడుతుంది.

వెయిటర్ పట్టించుకోవడం లేదు: చిటికె వేయకండి, "గార్సోఁ" అని పిలవకండి. చూపు కలిసినప్పుడు చెయ్యి కొద్దిగా ఎత్తి "సిల్ వూ ప్లే" అనండి. వంటకానికీ వంటకానికీ మధ్య ఇరవై నిమిషాలు పట్టడం మామూలే.

తిండి మిగిలిపోయింది: డబ్బాలో కట్టివ్వమని అడగొచ్చు. 2021 జులై నుంచి అడిగినవారికి ఇవ్వాలన్న నియమం ఉంది. సీసాలో మిగిలిన వైన్ కూడా బిరడా పెట్టించి తెచ్చుకోవచ్చు.

10. బిల్లు, తిరుగు ప్రయాణం

అడగందే బిల్లు రాదు. మిమ్మల్ని లేపడం మర్యాద కాదని వాళ్ల లెక్క, అంతేగాని మరిచిపోయి కాదు. కాఫీ అయ్యాక "లాదిసియోఁ, సిల్ వూ ప్లే" అనండి. వచ్చాక గ్లాసుల లెక్క, సీసా ధర ఒకసారి సరిచూసుకోండి.

పన్నులు, సర్వీసు ధరలోనే కలిసి ఉంటాయి. టిప్పు తప్పనిసరి కాదు. మనసుకి నచ్చితే ఐదో పదో యూరోలు బల్ల మీద వదిలేయండి. కార్డు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయల రేటు సాధారణంగా నష్టమే.

వెళ్లేటప్పుడు "మెర్సీ, బోన్ సువారే" అని చెప్పి రండి. మెట్రో మామూలు రోజుల్లో రాత్రి ఒంటిగంట దాటాక ఆగిపోతుంది, శుక్ర, శనివారాల్లో రెండు దాటేదాకా ఉంటుంది. రెండు లైన్లు మారాల్సి ఉంటే దానికి గంట ముందే లేవండి. చీర, హీల్స్‌తో మెట్లు ఎక్కలేమనిపిస్తే కాఫీ తాగుతుండగానే టాక్సీ పిలుచుకోండి.